కదిలితేనే కాళ్లకు బలం

వయసు మళ్లినవాళ్లు మంచానికే అంటుకుంటే కండలు తగ్గిపోతాయి. కీళ్లు బిగుసుకుంటాయి. "పాపం, పడుకోనీ" అంటారు ఇంట్లోవాళ్లు. అది ప్రేమే. కాని అదే కీడు చేస్తుంది.

అత్తకైనా, అమ్మకైనా రోజుకు 2 సార్లు ఇవి చేయించండి.

1. పడుకునే పాదాలు పైకీ, కిందికీ 10 సార్లు ఆడించాలి. చేతకాకపోతే మీరు పట్టి ఆడించండి.

2. మడమను పరుపు మీద జరుపుతూ మోకాలు మెల్లగా ముడవాలి, చాపాలి. ఒక్కో కాలికి 10 సార్లు.

3. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టండి. పాదాలు నేలకు ఆనాలి. ముందుకు వంగి లేవాలి. 5 సార్లు చాలు. చెయ్యి పట్టి గుంజకండి, భుజం దెబ్బతింటుంది. నడుము దగ్గర పట్టుకోండి.

నొప్పి పుడితే ఆపండి. గుండెనొప్పి, ఆయాసం వస్తే వెంటనే డాక్టరుకు చూపించండి. ఎముక విరిగినా, పక్షవాతం వచ్చినా ముందు డాక్టరును అడగండి.

తనంతట తాను లేచి దొడ్డికి వెళ్లగలిగితే పెద్దావిడకు అంతకన్నా ఏం కావాలి? కోడలికీ భారం తగ్గుతుంది.