ఇల్లాలి సాక్ష్యం

యుద్ధంలో చెయ్యి పోయిన సైనికుడు పింఛను అడిగితే, దెబ్బ తగిలిందని వేరే చెప్పనక్కరలేదు. చూస్తేనే తెలుస్తుంది. మరి కాళ్ళూ చేతులూ చక్కగా ఉండి, ఇంటికి వచ్చిన పదేళ్ళకి కూడా నిద్రలో కేకలు వేసే మనిషి సంగతేమిటి? ఆయనకీ యుద్ధంలోనే దెబ్బ తగిలిందని ఎట్లా రుజువు చేస్తారు? అమెరికాలో దీనికి ఒక పద్ధతి ఉంది. అందులో ఇల్లాలి మాటకున్న విలువ ఎంతో మీరూ వినండి.

జబ్బు పాతదే, పేరే కొత్తది. వాళ్ళ అంతర్యుద్ధం నాడు దీన్ని ‘సైనికుడి గుండె’ అన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ‘షెల్ షాక్’ అన్నారు, రెండోదానిలో ‘యుద్ధపు అలసట’ అన్నారు. వియత్నాం నుంచి తిరిగివచ్చిన వాళ్ళ అవస్థ చూశాక, 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తమ రోగాల గ్రంథంలో ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ అని చేర్చింది. మనం పి.టి.ఎస్.డి. అందాం. మనకి దీపావళి ఎట్లాగో వాళ్ళకి జూలై 4 అట్లాగ. ఊరంతా బాణసంచా కాలుస్తుంటే ఈ మనిషి గది తలుపులు బిగించుకుని చెవులు మూసుకుని కూర్చుంటాడు.

దరఖాస్తు పెట్టేది మాజీ సైనికుల శాఖకి. వాళ్ళు ముఖ్యంగా మూడు విషయాలు చూస్తారు. జబ్బు ఉందని డాక్టరు చెప్పాలి, కొలువులో ఉండగా ఫలానాది జరిగిందని తేలాలి, దీనికీ దానికీ సంబంధం ఉందని వైద్యుడు రాయాలి. చిక్కంతా రెండోదానితోనే. ఏ నెల, ఏ చోటు, ఏ దళం, పక్కన ఎవరున్నారు అని అడుగుతారు. మర్చిపోదామని ఏళ్ళ తరబడి తంటాలు పడుతున్న సంగతిని తారీఖుతో సహా రాసివ్వమంటే ఎంత కష్టమో చూడండి! పోనీ పాత కాగితాలు తీద్దామా అంటే, 1973 జూలైలో సెయింట్ లూయిస్ నగర శివారులోని రికార్డు భవనం తగలబడి, కోటీ అరవై లక్షలకు పైగా సైనికుల ఫైళ్ళు బుగ్గి అయిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలోనూ కొరియాలోనూ పోరాడినవాళ్ళు ఎందరో దీనివల్ల ఇబ్బంది పడ్డారు. అట్లాంటప్పుడు తోటి సైనికులు రాసిచ్చే ఉత్తరాలూ, ఆ రోజుల్లో ఇంటికి రాసిన జాబులూ ఆధారమవుతాయి. ట్రంకుపెట్టె అడుగున దాచిన ఉత్తరాల కట్ట ఏనాటికి పనికివస్తుందో ఎవరికి తెలుసు!

శత్రువుతో ముఖాముఖి పోరాడినట్టు పతకం ఉన్నవాడి మాట కొంత తేలిగ్గానే నమ్మేవారు. లారీ నడిపినవాడో, వంట చేసినవాడో, శిబిరం మీద రాకెట్లు పడుతుంటే వణికిపోయినవాడో వస్తే మాత్రం కాగితం ఏదీ అనేవారు. 2010లో ఈ నిబంధన సడలించారు. శత్రుదాడి భయంలో బతికానని అతను చెప్పింది అతను పనిచేసిన చోటుకీ కాలానికీ సరిపోయి, ఆ శాఖ మనోవైద్యుడు ఒప్పుకుంటే చాలునన్నారు. ఈ మార్పు చాలా ఆలస్యంగా వచ్చిందని నాకు అనిపిస్తుంది.

ఇక శాతం సంగతి. మనోవ్యాధికి 0, 10, 30, 50, 70, 100 అని మెట్లున్నాయి. అప్పుడు జరిగింది ఎంత భయంకరమైనదని కాదు, దానివల్ల ఇప్పుడు ఉద్యోగమూ, సంసారమూ, నలుగురితో మసలడమూ ఎంత చెడ్డాయన్నదే కొలత. అది ఇంట్లోవాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? అందుకే భార్య రాసిచ్చే వాఙ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకుంటారు.

అయితే ఏం రాయాలి? ‘మావారికి కోపం ఎక్కువ, నిద్ర తక్కువ’ అని రాస్తే లాభం లేదు. ఆ మాట ఏ ఇల్లాలైనా అంటుంది! ‘వారానికి మూడు రాత్రులైనా లేచి తలుపు గడియలు చూసి వస్తారు. హోటల్లో గోడకి వీపు ఆనించి, గుమ్మం కనిపించేట్టు తప్ప కూర్చోరు. నిద్రలో దగ్గరికి వెళ్ళి లేపితే చెయ్యి విసురుతారని, దూరాన నిలబడి కాలివేలు తట్టి లేపుతాము. రెండేళ్ళలో మూడు ఉద్యోగాలు మానేశారు’ – ఇట్లా రాయాలి. చూసింది చూసినట్టు, ఎన్నిసార్లో, ఎప్పటినుంచో చెప్పాలి. పెళ్ళి యుద్ధానికి ముందే అయి ఉంటే మరీ మంచిది. వెళ్ళిన మనిషినీ వచ్చిన మనిషినీ ఇద్దర్నీ చూసింది ఆవిడేగా! చూడనిదీ, ఊహించిందీ మాత్రం ఒక్క ముక్క చేర్చకూడదు. ఒకచోట అబద్ధం కనిపిస్తే మిగతా నిజాన్నీ నమ్మరు.

ఇంటిగుట్టు బయటపెట్టడమేమిటని ఆవిడకీ బెరుకు ఉంటుంది. మగవాడికి అంతకన్నా ఎక్కువ. పరీక్షరోజున డాక్టరు ‘ఎట్లా ఉన్నారు?’ అంటే, శుభ్రంగా గడ్డం గీసుకుని వెళ్ళిన మనిషి ‘బాగానే ఉన్నానండీ’ అంటాడు. ఆ ఒక్కమాటా కాగితం మీదికి ఎక్కుతుంది. ఆవిడ రాసిన కాగితం ఫైల్లో ముందే ఉంటే, డాక్టరు మరో ప్రశ్న వేసే అవకాశముంది. అటూ ఇటూ సాక్ష్యం సరిసమానంగా తూగితే, తీర్పు సైనికుడి వైపే ఇవ్వాలని అక్కడి చట్టం.

మన సైన్యంలో పద్ధతి వేరు. కొలువు విడిచేటప్పుడే మెడికల్ బోర్డు పరీక్షించి, జబ్బు కొలువు వల్ల వచ్చిందా లేదా అని రాస్తుంది. చేరేనాటి కాగితాల్లో జబ్బు మాట లేకపోతే అది కొలువులో వచ్చినట్టే అనుకోవాలనీ, కాదంటే బోర్డే కారణం చూపాలనీ 1982 నాటి నిబంధనలను బట్టి సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది. 2023 సెప్టెంబరులో కొత్త నిబంధనలు వచ్చాయి గనుక, ఎవరికి ఏవి వర్తిస్తాయో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

అక్కడి ఆవిడ వాఙ్మూలం ఎంత పొడుగుండాలని అడుగుతారేమో. ఒకటి రెండు పేజీలు చాలు. ఒక్కరోజులో కూర్చుని రాయబోతే మనసు చెదురుతుంది, నాలుగు రోజులు కొంచెం కొంచెంగా రాసుకోవచ్చు. చివర ‘నాకు తెలిసినంతవరకు ఇది నిజం’ అని సంతకమూ తేదీ వేసి, నకలు ఒకటి తన దగ్గర ఉంచుకుంటుంది.