ఆయాసం పాతదేనా?

మా కేతేపల్లి వైపు చుట్ట కాల్చిన తాతలలోనూ, కట్టెల పొయ్యి ఊదిన అవ్వలలోనూ ఆయాసపడేవారు కొందరుంటారు. అది హఠాత్తుగా ఎక్కువైతే "పాత జబ్బే కదా!" అంటారు ఇంటిల్లిపాదీ. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఆ "పాత" అన్న విశేషణం మీదనే అనుమానం.

కాలి సిరలో పేరుకున్న నెత్తుటి గడ్డ ఊపిరితిత్తులలోకి కొట్టుకుపోయినా ఇలాగే ఆయాసం వస్తుంది. 2021లో వెలువడిన ఒక ఫ్రెంచి పరిశోధనలో, దీర్ఘకాలపు శ్వాసరోగం ముదిరి ఆసుపత్రిలో చేరిన 740 మందిలో 44 మందికి అట్టి గడ్డలున్నట్లు తేలింది.

గడ్డ కరిగేటప్పుడు నెత్తుటిలో కలిసే తునకలను కొలిచే పరీక్ష 'డి-డైమర్'. వైద్యుడు చూసి అనుమానం బలంగా లేదన్నప్పుడు, సాధారణంగా మిల్లీలీటరుకు 500 నానోగ్రాముల లోపుంటే గడ్డ లేదనుకోవచ్చు. 50 దాటినవారికి వయస్సును 10తో హెచ్చవేస్తారు. 70 ఏళ్ళ తాతకు హద్దు 700.

హద్దు దాటినంత మాత్రాన గడ్డ ఉన్నట్లు కాదు సుమండీ! జ్వరం, వాపు కూడా దానిని పెంచుతాయి. ఈ పరీక్షకు "లేదు" అనడమే చేతనవును. "ఉన్నది" అని తేల్చవలసింది సి.టి. స్కాను. అనుమానం బలంగా ఉంటే నేరుగా స్కానే తీస్తారు.

కనుక ఆయాసం ఉన్నట్లుండి హెచ్చినా, ఒక కాలు వాచినా, దగ్గులో నెత్తురు పడినా "పాతదే" అని కూర్చోక, సూర్యాపేటకో నల్లగొండకో వెంటనే బయలుదేరండి. పాతదో కొత్తదో వైద్యులు తేలుస్తారు.