పుస్తకం ఒకటే... మాట పదిమందిది!

గ్రూపు పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? రెండు నిమిషాలు. ఒక పేరు, ఓ పుస్తకం బొమ్మ, తెలిసినవాళ్ల నంబర్లు... అయిపోయింది. మొదటి వారం మహా సందడి. అట్టల ఫొటోలు, అలమరాల ఫొటోలు, చిన్నప్పుడు చదివిన చందమామల జ్ఞాపకాలు. రెండో వారం 'బాగుంది', 'చాలా బాగుంది', ఆపైన చేతులు జోడించిన బొమ్మ. మూడో వారానికి సూర్యుడి ఫొటోతో శుభోదయాలు. నెల తిరిగేసరికి ఎవరో ఎన్నికల వీడియో పెడతారు. ఇంకెవరో అలిగి వెళ్లిపోతారు. పుస్తకం మాత్రం ఎవరూ తెరవరు!

పుస్తకాల మీద ఇష్టంతో మొదలైన గుంపుల్లో చాలావాటి కథ ఇంతే. అలాగని అన్నీ అంతే అనడానికి లేదు. నెల తప్పకుండా ఏళ్ల తరబడి నడిచినవీ ఉన్నాయి. వాటిలో ఉన్నదేమిటి, వీటిలో లేనిదేమిటి?

నెల్లూరు జిల్లా తీరాన ఉన్న అల్లూరునే తీసుకోండి. వరి పొలాలు, రొయ్యల గుంటలు, పక్కనే ఇసకపల్లి ఉప్పు. చదువులు అయ్యాక పిల్లలు హైదరాబాదుకో బెంగళూరుకో చెన్నైకో వెళ్లిపోతారు. కొందరు సముద్రాలు దాటతారు. ఇలాంటి ఊళ్లో నవల చదివే అలవాటున్న పెద్దాయనకి, అది పూర్తయ్యాక దాని గురించి మాట్లాడటానికి మనిషి దొరకడం కష్టం. అదే నవల చదివిన మనిషి ఉండనే ఉంటాడు... నెల్లూరులోనో, న్యూజెర్సీలోనో. అందుకే పెద్ద నగరాల వాళ్లకి ఆన్‌లైన్ పుస్తక చర్చ కాలక్షేపం అయితే కావచ్చుగానీ, చిన్న ఊరికి అది అవసరం.

పాఠం మీద మాట్లాడుకుంటే...

పదిమంది కలిసి చదివితే ఏమవుతుందో ఈ జిల్లాకి ఇంకెవరో చెప్పనక్కర్లేదు. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా పొలం పని చేసి వచ్చిన ఆడవాళ్లు రాత్రిళ్లు లాంతరు వెలుగులో పలక పట్టారు. వాళ్ల వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం. ఊళ్లో సారాను ఎదిరించిన ఆడవాళ్ల కథ అది. చదవడం వచ్చిందా లేదా అని చూసి వదిలేసి ఉంటే అది కూడా ఓ పాఠంగానే మిగిలిపోయేది. వాళ్లు దాని మీద మాట్లాడుకున్నారు. ఆ ఊళ్లో జరిగింది మన ఊళ్లో ఎందుకు జరగదు అన్న ప్రశ్న వచ్చింది. దూబగుంటలో రోశమ్మతో పాటు ఆడవాళ్లంతా కదిలారు, సారా దుకాణం మూయించారు. ఆ తర్వాత దూబగుంట సంగతే 'ఆడవాళ్లు ఏకమైతే' అన్న పాఠమై మిగతా ఊళ్ల రాత్రి బడులకు వెళ్లింది. అక్కడా అదే ప్రశ్న! 1993 ఏప్రిల్‌లో జిల్లాలో సారా నిషేధం వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా అమలైంది.

సారా ఉద్యమానికి కారణాలు చాలా ఉన్నాయి. నాలుగు పేజీల పాఠమే అంతా చేసిందంటే అతిశయోక్తి. అయినా అందులో పుస్తక చర్చ నడిపేవాళ్లు గమనించాల్సిన కిటుకు ఒకటుంది. ఆ రాత్రి బడుల్లో 'పాఠం ఎలా ఉంది?' అని అడిగి ఉంటే 'బాగుంది' అనేవారు. అక్కడితో మాట ఆగిపోయేది. చదివిన దాన్ని తమ ఇంటికీ తమ వాకిలికీ తెచ్చుకున్నారు కాబట్టే మాట పెరిగింది. నేటి గ్రూపుల్లో 'బాగుంది'ల వరద ఎందుకంటే, అడిగే ప్రశ్న అలాంటిది మరి!

డెట్రాయిట్‌లో నెలకో పుస్తకం

1998లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కొందరు తెలుగువాళ్లు డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ పెట్టుకున్నారు. ఉగాది పాటలు, నాటకాలు, విందులు నడిపే సంఘాలు అక్కడ అప్పటికే ఉన్నాయి. వీళ్లకి కావలసింది వేరు. అందరూ ఒకే తెలుగు పుస్తకం చదివి రావాలి, కూర్చుని దాని గురించే మాట్లాడుకోవాలి. రచయిత ఎంత పెద్దవాడైనా సరే, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పవచ్చు. చర్చ అయ్యాక ఒకరు కూర్చుని, వచ్చిన అభిప్రాయాలన్నిటినీ సమీక్షగా రాస్తారు. సన్మానం లేదు, శాలువా లేదు. ఆ పద్ధతే ఇరవయ్యేళ్లు దాటించింది.

చిత్రమేమిటంటే, సరిగ్గా ఆ ఏడాదే అదే దేశంలో సియాటిల్ నగర గ్రంథాలయంలో నాన్సీ పెర్ల్ అనే గ్రంథపాలకురాలు మరో ఆలోచన చేశారు. నగరమంతా ఒకే పుస్తకం చదివితే ఎలా ఉంటుంది? ఆ ప్రయోగం తర్వాత ఎన్నో నగరాలకు పాకింది. ఇక్కడా అక్కడా సూత్రం ఒక్కటే. ఎవరి పుస్తకం వాళ్లు చదువుకుంటే అది గ్రంథాలయం. ఒకే పుస్తకం చదివితేనే చర్చ.

డాలస్ ప్రాంతంలో టాంటెక్స్ సంఘం వాళ్ల 'నెల నెలా తెలుగు వెన్నెల' 2007లో మొదలైంది. దాని పేరులోనే ఉంది రహస్యం, నెల నెలా! 2020లో కరోనా వచ్చి తలుపులు మూయించినప్పుడు అది ఆన్‌లైన్‌కు మారింది. వేళ ముందే స్థిరపడి ఉంది కాబట్టి చోటు మారినా సభ ఆగలేదు. 'అందరికీ వీలున్నప్పుడు పెట్టుకుందాం' అనుకున్న సభ మాత్రం ఎప్పటికీ జరగదు. అందరికీ వీలయ్యే రోజంటూ ఈ లోకంలో ఒకటి లేదు మరి!

మాటలు మాయమైన చోటు

తెలుగువాళ్లకి ఇంటర్నెట్ చర్చలు కొత్త కాదు. 1990లలోనే 'తెలుసా' అనే ఈ-మెయిల్ బృందంలో సాహిత్యం మీద హోరాహోరీ వాదనలు నడిచాయి. తెరమీద తెలుగు అక్షరం కనిపించడమే గగనమైన రోజుల్లో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటూ మరీ వాదించుకున్నారు. 1998లో 'ఈమాట' పత్రిక వచ్చింది. తర్వాత యాహూ గ్రూపుల్లో 'రచ్చబండ' లాంటివి కళకళలాడాయి. ఛందస్సు మీద, పాత పుస్తకాల మీద, ఒక్కో మాట పుట్టుక మీద రోజుల తరబడి చర్చలు.

2019 చివర్లో యాహూ తన గ్రూపుల్లోని పాత సరుకును తీసేస్తున్నట్టు ప్రకటించింది. 2020 డిసెంబరులో ఆ సేవనే మూసేసింది. ముందుజాగ్రత్తగా దాచుకున్నవాళ్లకి దాచుకున్నంత దక్కింది. మిగతాదంతా... ఇంతే సంగతులు! ఊరి రచ్చబండ రాయి అయినా వందేళ్లు ఉంటుందిగానీ, అద్దె కొట్టులో పెట్టిన బండకు ఆ భరోసా లేదు.

అందుకు భిన్నంగా, 2009 జనవరిలో సౌమ్య, పూర్ణిమ అనే ఇద్దరు యువతులు మొదలుపెట్టిన 'పుస్తకం.నెట్' పుస్తకాల ముచ్చట్లకే ఒక ఇల్లు కట్టింది. రచయితలే రాయాలన్న పట్టింపు లేదు. చదివిన ఎవరైనా రాయవచ్చు. ఏడాది చివర్లో 'ఈ ఏడు నేను చదివినవి' అంటూ పాఠకులే లెక్క చెప్పేవారు. పరిచయం ఒకచోట స్థిరంగా ఉంటే, ఐదేళ్ల తర్వాత ఆ పుస్తకం కోసం వెతికే కొత్త పాఠకుడికి కూడా అది దొరుకుతుంది. వాట్సప్‌లో అయితే మొన్నటి మంచి మాట నేటి శుభోదయాల కింద సమాధి. కాబట్టి ఫోన్లో ఎంత మాట్లాడుకున్నా, నెలకి ఒక పేజీ విడిగా రాసి దాచే మనిషి ఒకరుండాలి. ఈ పని ఎవరికీ ఇష్టముండదు. వంతుల వారీగా పంచుకోవడమే మార్గం.

తొలి పుస్తకం ఏది?

చాలామంది ఇక్కడే బోర్లా పడతారు. ఉత్సాహం కొద్దీ వేయి పేజీల నవలతో మొదలుపెడతారు. చదవలేకపోయినవాళ్లు మొహమాటపడి రావడం మానేస్తారు. మొదట కథ చాలు, ఒకే ఒక్క కథ. అల్లూరు వాళ్లకయితే దూరం వెళ్లే పనే లేదు. కావలికి చెందిన మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఉంది. నెల్లూరు యాసలో, ఒక్కోటీ అరగంటలో చదివేసేంత కతలు. ఆ మాటలు వింటే ఇంట్లో ఎన్నడూ పుస్తకం పట్టని అవ్వ కూడా 'మా కాలంలో అయితేనా...' అని అందుకుంటుంది. చర్చ మొదలైనట్టే!

చదివే కన్ను లేనివాళ్లకి ఒకరు చదివి వినిపించవచ్చు. పురాణ కాలక్షేపాలు నడిచిన నేలకి ఇది కొత్త విద్యేం కాదు.

పుస్తకం అందరికీ అందడం ఎలా? గ్రూపులో పీడీఎఫ్ పడేయడం అందరికీ తెలిసిన అడ్డదారి. కానీ ఇప్పుడు చాలా తెలుగు పుస్తకాలు అచ్చయ్యేదే ఐదొందలు, వెయ్యి ప్రతులు. దొంగ పీడీఎఫ్ ఒకటి పది గ్రూపులు తిరిగిందంటే రచయిత నోటి దగ్గర కూడు లాగేసినట్టే. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్ల వరకు హక్కులు ఆ కుటుంబానివి. ఆ గడువు దాటినవి కావాలంటే గురజాడ (మరణం 1915), శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (మరణం 1961) ఉండనే ఉన్నారు. హాయిగా పంచుకోవచ్చు. మిగతావి నలుగురు కలిసి రెండు ప్రతులు కొనుక్కుంటే సరి.

ఇక తగవుల సంగతి. పుస్తకం గురించి ఎంతైనా అనవచ్చు, మనిషిని అనకూడదు... ఈ ఒక్క నియమాన్నీ మొదటిరోజే చెప్పెయ్యాలి. గొడవ వచ్చాక చెబితే అది ఎవరో ఒకరి పక్షం అయిపోతుంది. ఎక్కువ మాట్లాడేవాళ్లని ఆపడం కంటే, అసలు మాట్లాడనివాళ్లని పేరుపెట్టి పిలవడం మంచి ఉపాయం. 'ఈ కథలో తల్లి చేసింది సబబేనా అక్కా?' అని అడిగి చూడండి. ఆమె దగ్గర చెప్పడానికి ఏముందో తెలుస్తుంది. జూమ్ ఉచిత సమావేశం 40 నిమిషాలకే ఆగిపోతుందని విసుక్కుంటారుగానీ, ఉపన్యాసాలకు అలవాటుపడ్డ మన సభలకు అదొక వరం.

ఊళ్లో ఉన్నవాళ్లు ఎక్కడ కూర్చోవాలి? ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఎప్పటినుంచో కడుతూనే ఉన్నాం. కాబట్టి శాఖా గ్రంథాలయంలో ఒక బల్ల అడగడానికి సంకోచం అక్కర్లేదు. ఆ బల్ల మీద ఒక ఫోన్ నిలబెడితే బెంగళూరువాళ్లూ డెట్రాయిట్‌వాళ్లూ అక్కడే కూర్చున్నట్టు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వక్తల కోసం, కార్యక్రమాల కోసం గ్రంథపాలకులు వెతుక్కునే రోజులవి. ఒక కథ, పది ప్రతులు పట్టుకుని ఆ వారంలో వెళ్తే కాదనేవాళ్లు ఉండరు.