గాలికి ఆరని ప్రమిద.. బటన్ సెల్ లేకుండా!

హారిసన్ (కాన్‌బెర్రా): ఊళ్లో దీపావళికి చలి మొదలవుతుంటే ఇక్కడ ఎండలు మొదలవుతాయి. అక్టోబర్ వచ్చిందంటే బుష్‌ఫైర్ సీజన్ కూడా వచ్చేసినట్టే. 2003 జనవరి 18న ఈ నగరాన్ని కాల్చేసిన మంటల్లో నలుగురు చనిపోయారు. పాతకాపులు ఆ రోజును ఇంకా మర్చిపోలేదు. బాణసంచా అమ్మకాలను 2009లోనే ఇక్కడ నిషేధించారు. ఇక మిగిలింది దీపాలే. అద్దె ఇల్లు, కింద కార్పెట్, నెత్తిన స్మోక్ అలారం, బాల్కనీలో గాలి. మరి వరసగా ప్రమిదలు పెట్టేదెట్లా?

అందుకే చాలామంది డాలర్ షాపుల్లో దొరికే మిణుకుమిణుకు ఎల్‌ఈడీ దీపాలు తెచ్చుకుంటున్నారు. బాగానే ఉంటాయి. చిక్కల్లా వాటి అడుగున ఉండే బిళ్లంత బటన్ సెల్‌తోనే.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది తప్పక చదవండి. ఆ బిళ్లను మింగితే అన్నవాహికలో ఇరుక్కుంటుంది. లాలాజలం తగలగానే కరెంటు పారి, కాస్టిక్ సోడా లాంటి క్షారం పుట్టి లోపల కాల్చేస్తుంది. అందుకు రెండు గంటలు చాలు. ఆస్ట్రేలియాలో 2013, 2015, 2020ల్లో ముగ్గురు పిల్లలు ఇలాగే పోయారు. ఆ తర్వాత 2022 జూన్ 22 నుంచి, ప్రపంచంలోనే మొదటిసారిగా, ఇక్కడ తప్పనిసరి భద్రతా ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. సెల్ ఉండే అర పిల్లల చేతికి తెరుచుకోకూడదు. ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న దీపాలకు మాత్రం ఆ స్క్రూ ఉందో లేదో మనమే చూసుకోవాలి.

మనమే చేసుకుంటే?

పెద్ద పనేం కాదు. లోపలే చిన్న చిప్ ఉండే 'ఫ్లికర్ ఎల్‌ఈడీ' అని పసుపు రంగులో దొరుకుతుంది. మిణుకుమనే పని అదే చూసుకుంటుంది. వెలుగు ఒక వరసలో కాకుండా ఇష్టమొచ్చినట్టు పెరిగి తగ్గుతుంది కాబట్టే కన్ను మోసపోతుంది. టిక్ టిక్‌మని సమంగా వెలిగితే అది దీపంలా ఉండదు, కారు ఇండికేటర్‌లా ఉంటుంది!

బటన్ సెల్ బదులు రెండు ఏఏ సెల్స్ వాడండి. లెక్క చూడండి. రెండూ కలిస్తే 3 వోల్టులు, ఎల్‌ఈడీకి సుమారు 2 పోతాయి. మిగతా 1 వోల్టుకు 100 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే పారే కరెంటు 10 మిల్లీ ఆంపియర్లు. సీఆర్2032 బిళ్లలో ఉండేది 220 మిల్లీ ఆంపియర్ అవర్స్, అంటే 22 గంటలు. ఏఏ ఆల్కలైన్‌లో 2000 దాకా ఉంటాయి, అంటే 200 గంటలు. రోజుకు 3 గంటల చొప్పున కార్తీక మాసం 30 రోజులకూ 90 గంటలే కదా! చివర్లో వెలుగు కొంచెం తగ్గుతుంది, అంతే.

రెసిస్టర్‌ను ఎల్‌ఈడీ పొడుగు కాలికి టంకం పెట్టి సెల్స్ ప్లస్ వైపు కలపండి, పొట్టి కాలు మైనస్‌కు. ఎల్‌ఈడీ తలను గరుకు కాగితంతో రుద్దితే వెలుగు సూదిలా పైకి పోకుండా చుట్టూ పరుచుకుంటుంది. దానిమీద బటర్ పేపర్‌ను వత్తి ఆకారంలో చుట్టి మట్టి ప్రమిదలో నిలబెట్టండి. సెల్స్ డబ్బా ప్రమిదలో పట్టదు, వెనక దాచాల్సిందే. మూతకు స్క్రూ ఉన్న డబ్బానే కొనండి.

"కరెంటు దీపానికి దణ్ణం పెడతారట్రా?" అని ఫోన్లో అమ్మ అడగొచ్చు. దేవుడి దగ్గర నూనె దీపం ఒక్కటి, మనిషి ఎదురుగా ఉన్నంతసేపు. గుమ్మానికీ బాల్కనీకీ ఇవి.

బిళ్ల మింగారని అనుమానం వచ్చినా ఆగకండి. పాయిజన్స్ ఇన్ఫర్మేషన్ సెంటర్ 13 11 26కు ఫోన్ చేయండి, 24 గంటలూ పలుకుతారు. వాంతి చేయించొద్దు. ఊపిరి ఆడకపోతే 000. అయిపోయిన బిళ్లల్లోనూ ప్రమాదం మిగిలే ఉంటుంది. రెండు వైపులా టేపు అంటించి, పిల్లలకు అందకుండా దాచి, బ్యాటరీ రీసైక్లింగ్ డబ్బాలో వేసేయండి.