బ్రౌజరులో తయారైన ఫైళ్ళను భద్రపరచుట

వెబ్ పేజీలోని జావాస్క్రిప్టు ప్రోగ్రాము తయారుచేసిన పాఠ్యాన్ని, పట్టికను లేదా బొమ్మను సర్వరుకు పంపకుండానే వాడుకరి కంప్యూటరులో ఫైలుగా భద్రపరచవచ్చును. లేఖిని వంటి పేజీలలో రోమను అక్షరాలతో టైపు చేసినది తెలుగులోకి మారే పని అంతా బ్రౌజరులోనే జరుగుతుంది. అటువంటి పేజీలో గంటసేపు వ్రాసిన వ్యాసం, ఎక్కడా భద్రపరచకపోతే, కిటికీ మూసిన మరుక్షణం పోతుంది.

నేపథ్యం

1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్టుకు, వెబ్ పేజీలలో వాడుకరి డిస్కుపై నేరుగా వ్రాసే అధికారం లేదు. ఆ అధికారమే ఉంటే ఏ అపరిచిత పేజీ అయినా కంప్యూటరులోని ఫైళ్ళను చెరిపివేయగలదు. కనుక పూర్వం తయారైన పాఠ్యాన్ని సర్వరుకు పంపి, అక్కడినుండి దానినే తిరిగి దింపుకొనేవారు. ఇంటిలోని సరుకును సంతదాకా మోసి మరల ఇంటికే తెచ్చుకొనడం వంటిదే ఇది. 1998 నాటి డేటా యూఆర్‌ఎల్ ప్రమాణం వలన పాఠ్యాన్ని చిరునామాలోనే ఇమిడ్చే వీలు కలిగింది గాని, ఫైలుకు పేరు పెట్టే వీలు అందులో లేదు.

పనిచేసే విధానం

ఇప్పటి పద్ధతికి ఆధారం బ్లాబ్. ఇది కొన్ని బైట్లను, వాటి రకాన్ని కలిపి ఉంచే వస్తువు. ఒకసారి తయారైన తరువాత దీనిని మార్చలేము. క్రియేట్ ఆబ్జెక్ట్ యూఆర్‌ఎల్ అనే ఫంక్షను దీనికి ఒక తాత్కాలిక చిరునామాను ఇస్తుంది. ఆ చిరునామాతో ఒక లింకును సృష్టించి, దాని డౌన్‌లోడ్ లక్షణంలో ఫైలు పేరు వ్రాసి, ప్రోగ్రాము ద్వారానే ఆ లింకును నొక్కించాలి. బ్రౌజరు దానిని మామూలు దింపుకోలుగానే భావిస్తుంది. పని అయిన తరువాత రివోక్ ఆబ్జెక్ట్ యూఆర్‌ఎల్‌తో చిరునామాను రద్దు చేయాలి. ఇది మరచిపోయేవారే ఎక్కువ. అప్పుడు పేజీ మూసేవరకు ఆ బైట్లు మెమరీలోనే ఉండిపోతాయి.

డౌన్‌లోడ్ లక్షణం క్రోమ్‌లో 2011లోను, ఫైర్‌ఫాక్స్‌లో 2013లోను, సఫారీలో 2017లోను వచ్చింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో ఇది ఎన్నడూ రాలేదు. దాని 10వ కూర్పులో ఇందుకు వేరే ఫంక్షను ఉండేది. ఈ తేడాలను వాడుకరికి కనబడనీయకుండా చేసినది ఫైల్‌సేవర్ అనే లైబ్రరీ.

తెలుగు పాఠ్యం

బ్లాబ్‌లో ఉంచిన పాఠ్యం యూటీఎఫ్-8లోకి మారుతుంది. ఇందులో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. "తెలుగు" అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిసి 6 సంకేతాలు, అనగా 18 బైట్లు. కామాలతో వేరుచేసిన పట్టికను ఇలా భద్రపరచి ఎక్సెల్‌లో తెరిచినపుడు తెలుగుకు బదులు అర్థంకాని గుర్తులు కనిపించవచ్చును. డేటా చెడిపోయిందని కంగారుపడనక్కరలేదు. ఫైలు మొదట్లో బైట్ ఆర్డర్ మార్క్ అనే సంకేతాన్ని చేర్చితే ఎక్సెల్ దానిని యూటీఎఫ్-8గా గుర్తిస్తుంది.

నేరుగా వ్రాయుట

పై పద్ధతిలో ప్రతిసారీ కొత్త ఫైలు దిగుతుంది. 2020లో క్రోమ్ 86వ కూర్పుతో వచ్చిన ఫైల్ సిస్టమ్ యాక్సెస్ సదుపాయంలో, వాడుకరి ఒకసారి ఫైలును ఎంచుకొని అనుమతి ఇస్తే, పేజీ తెరిచి ఉన్నంతవరకు అదే ఫైలుపై మరల మరల వ్రాయవచ్చును. ఫైర్‌ఫాక్స్, సఫారీలలో ఈ ఎంపిక కిటికీ లేనందున, అక్కడ బ్లాబ్ పద్ధతినే వాడవలసి ఉంటుంది.