విమానమెక్కి వచ్చిన కారు.. విడిభాగానికి కరవు
* పాత విలాస వాహనాల యజమానులకు తప్పని తిప్పలు
* క్యాడిలాక్ ‘అలాంటే’ నేర్పుతున్న పాఠం

ధర పడిపోయిన పాత ఖరీదైన కారును కొనడం తేలిక. దానిని రోడ్డు మీద నిలబెట్టడమే కష్టం. తయారీ ఆగిపోయిన బండికి చిన్న రబ్బరు ముక్క కావాలన్నా నెలల తరబడి వెతుకులాట తప్పదు. పాడైంది అద్దమో, దీపమో అయితే కొంత కాలం సర్దుకుపోవచ్చు. బ్రేకు విషయంలో ఆ వీలు లేదు. అక్కడ సమస్య డబ్బుతో ఆగదు, ప్రాణాల మీదకు వస్తుంది. అమెరికాకు చెందిన క్యాడిలాక్ సంస్థ 1987 నుంచి 1993 మోడళ్ల వరకు తయారు చేసిన ‘అలాంటే’ కారు ఇందుకు చక్కని ఉదాహరణ. రెండే సీట్లు, మడిచిపెట్టే గుడ్డ పైకప్పు ఉండే ఇలాంటి వాహనాలను రోడ్‌స్టర్లు అంటారు.

గగనతలం మీదుగా తయారీ

జర్మనీ మెర్సిడెస్ ఎస్‌ఎల్ కార్లకు పోటీగా నిలవాలన్న లక్ష్యంతో జనరల్ మోటార్స్ యాజమాన్యం ఈ వాహనాన్ని తలపెట్టింది. రూపకల్పనతో పాటు బాడీ తయారీని కూడా ఇటలీలోని పినిన్‌ఫరీనా సంస్థకు అప్పగించింది. ట్యూరిన్ సమీపంలోని కర్మాగారంలో రంగులు వేసి, లోపలి హంగులు అమర్చిన బాడీలను బోయింగ్ 747 విమానాలలో డెట్రాయిట్‌కు తరలించేవారు. ఒక్కో విమానంలో 56 బాడీలు పట్టేవి. డెట్రాయిట్-హామ్‌ట్రామిక్ కర్మాగారంలో వాటికి ఇంజిన్, గేర్‌బాక్స్ బిగించేవారు.

ఇంతటి ఏర్పాటుకు తగ్గట్టే ధర కూడా ఉండేది. 1987లో ఒక్కో కారును 54 వేల డాలర్లకు పైగా వెలకట్టారు. అయితే తొలి రోజుల్లోనే పైకప్పు నుంచి నీళ్లు కారుతున్నాయని, ఇంజిన్‌కు తగినంత శక్తి లేదని ఫిర్యాదులు వచ్చాయి. మొదట 170 హార్స్‌పవర్ మాత్రమే ఇచ్చిన 4.1 లీటర్ల ఇంజిన్ స్థానంలో 1989లో 200 హార్స్‌పవర్ గల 4.5 లీటర్ల ఇంజిన్, 1993లో 295 హార్స్‌పవర్ గల నార్త్‌స్టార్ ఇంజిన్ వచ్చాయి. లోపాలు సరిదిద్దుకున్న ఆ ఏడాదితోనే తయారీ నిలిచిపోవడం విశేషం. ఏడు మోడల్ సంవత్సరాలలో కలిపి తయారైనవి సుమారు 21 వేల కార్లే.

ఇంజిన్‌కు ఇబ్బంది లేదు.. బాడీకే చిక్కు

విడిభాగాల కొరత కారు మొత్తానికి ఒకే తీరుగా ఉండదు. ఇంజిన్, గేర్‌బాక్స్‌లను క్యాడిలాక్ తన ఇతర మోడళ్లలోనూ వాడింది. అవి వేల సంఖ్యలో కాక లక్షల సంఖ్యలో అమ్ముడయ్యాయి. అందువల్ల వాటికి సంబంధించిన గాస్కెట్లు, సెన్సార్లు, పంపులు వంటివి నేటికీ కొంత ప్రయత్నంతో దొరుకుతాయి.

ఇటలీలో తయారైన భాగాలతోనే అసలు చిక్కు. ముందు అద్దం, వెనుక దీపాలు, తలుపుల రబ్బరు పట్టీలు, పైకప్పు యంత్రాంగం, మీటర్ల పలక వంటివి ఈ ఒక్క కారుకే ప్రత్యేకం. మరే బండి నుంచీ తెచ్చి బిగించడానికి వీలు లేదు. కేవలం 21 వేల కార్ల కోసం, అందులోనూ ఇప్పటికి మిగిలిన కొద్దిపాటి కార్ల కోసం కొత్త అచ్చులు పోయించి భాగాలు తయారు చేయడం ఏ వ్యాపారికీ గిట్టుబాటు కాదు. దీంతో పాడైన కార్లను విడదీసి అమ్మే యార్డులే యజమానులకు దిక్కయ్యాయి. కొందరు ఒక కారును నడపడానికి మరో కారును విడిభాగాల కోసమే కొని షెడ్డులో ఉంచుకుంటారు.

బ్రేకు వద్ద రాజీ కూడదు

ఈ కారులో అత్యంత జాగ్రత్తగా చూసుకోవలసినది బ్రేకు వ్యవస్థ. సాధారణ కార్లలో ఇంజిన్ గాలి పీల్చే శక్తి ఆధారంగా బ్రేకుకు బలం చేకూరుతుంది. అలాంటే తొలి మోడళ్లలో మాత్రం విద్యుత్ పంపు బ్రేకు ద్రవాన్ని అధిక పీడనంతో నింపి ఉంచే ఏర్పాటు ఉంది. ఆ పీడనాన్ని నిల్వ ఉంచే గుండ్రని పాత్రను అక్యుములేటర్ అంటారు. దాని లోపల రబ్బరు పొరకు ఒక వైపు వాయువు, మరో వైపు ద్రవం ఉంటాయి. ఏళ్లు గడిచే కొద్దీ వాయువు మెల్లగా తగ్గిపోతుంది. అప్పుడు పంపు మాటిమాటికీ తిరగడం, మీటర్ల పలకపై ఎర్ర దీపం వెలగడం, పెడల్ గట్టిపడడం వంటి లక్షణాలు కనిపిస్తాయి.

పంపు తిరుగుతున్నది కదా అని నిర్లక్ష్యం చేస్తే అది కూడా అరిగిపోతుంది. అక్యుములేటర్ ఒక్కటే మారిస్తే సరిపోయే చోట మొత్తం వ్యవస్థ మూలపడుతుంది. కాగా, ఈ పనిని తెలియని వారు చేపట్టడం ప్రమాదకరం. పైపులు విప్పే ముందు తాళం తీసేసి, పెడల్‌ను సర్వీస్ పుస్తకంలో చెప్పినన్ని సార్లు తొక్కి పీడనాన్ని పూర్తిగా దించాలి. లేకపోతే ద్రవం వేగంగా చిమ్మి కళ్లకు గాయమయ్యే అవకాశం ఉంది.

ఇంజిన్ విషయంలో శీతల ద్రవమే కీలకం. తొలి ఇంజిన్లలో అల్యూమినియం బ్లాకుపై పోత ఇనుము హెడ్లు ఉంటాయి. వేడికి ఈ రెండు లోహాలు వేర్వేరుగా వ్యాకోచిస్తాయి. గాస్కెట్ బలహీనపడి నీళ్లు ఆయిలులో కలిస్తే లోపలి బేరింగులు దెబ్బతింటాయి. కాబట్టి కూలెంట్‌ను గడువు ప్రకారం మార్చడం, వేడి ముల్లుపై కన్నేసి ఉంచడం తప్పనిసరి.

పరిష్కార మార్గాలు లేకపోలేదు

దొరకని భాగాన్ని కొత్తగా కొనడం కంటే ఉన్నదాన్నే బాగు చేయించడం ఇలాంటి యజమానులకు అక్కరకు వస్తున్నది. మీటర్ల పలకలో టంకం విడిపోయిన చోట్లను, ఉబ్బిన కెపాసిటర్లను గుర్తించి సరిచేస్తే చాలా సందర్భాలలో పలక తిరిగి పనిచేస్తుంది.

త్రీడీ ముద్రణ కూడా ఆశలు రేపుతున్నది. పోర్షే సంస్థ 2018లోనే తన పాత కార్ల విడిభాగాలను ఈ విధానంలో తయారు చేస్తున్నట్లు ప్రకటించింది. కేవలం 292 మాత్రమే తయారైన ‘959’ మోడల్‌కు క్లచ్ లీవరును ఇలాగే రూపొందించింది. అచ్చు పోయనవసరం లేకపోవడంతో పది భాగాలైనా చేసుకోవచ్చు. అయితే బ్రేకు, స్టీరింగు భాగాలకు తగిన పరీక్షలు లేకుండా ఈ విధానాన్ని ఆశ్రయించడం మంచిది కాదు.

హైదరాబాదుతోనూ బంధం

అలాంటే బాడీలను రూపొందించిన పినిన్‌ఫరీనా నేడు భారతీయుల చేతిలో ఉంది. మహీంద్రా అండ్ మహీంద్రా, టెక్ మహీంద్రా సంస్థలు కలిసి 2015 డిసెంబరులో ఒప్పందం ప్రకటించి, 2016లో అందులో మెజారిటీ వాటాను సొంతం చేసుకున్నాయి. హైదరాబాదులో పుట్టిన సత్యం కంప్యూటర్స్ 2013లో విలీనమైంది ఈ టెక్ మహీంద్రాలోనే. కార్లకు ఇంజిన్లు బిగించిన డెట్రాయిట్ కర్మాగారం 2020లో ‘ఫ్యాక్టరీ జీరో’గా పేరు మార్చుకుని విద్యుత్ వాహనాల వైపు మళ్లింది.

మన వద్ద కూడా ఈ సమస్య కొత్తది కాదు. హిందుస్థాన్ మోటార్స్ 2014లో అంబాసిడర్ తయారీని నిలిపివేసింది. లక్షల సంఖ్యలో తయారైన బండి కనుక దాని భాగాలు పాత సామాన్ల దుకాణాలలో ఇంకా కనిపిస్తాయి. అదే సంస్థ నుంచి తక్కువ సంఖ్యలో వచ్చిన కాంటెస్సా యజమానులకు అంత సౌలభ్యం లేదు. ఎన్ని తయారయ్యాయన్నదే బండి ఆయుష్షును నిర్ణయిస్తుందని దీన్నిబట్టి తెలుస్తున్నది.

మన దేశంలో 50 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని వాహనాలకు ‘వింటేజ్’ రిజిస్ట్రేషన్ ఇచ్చేలా కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. ఇలా నమోదైన వాహనాలను రోజువారీ రాకపోకలకు, వ్యాపారానికి వాడకూడదు. అసలు భాగాలను పదిలపరచిన యజమానికి ఇది ఉపకరిస్తుంది.

కొనే ముందు గమనించాల్సినవి

* కొనుగోలు ధరను మాత్రమే చూడరాదు. బ్రేకు, పైకప్పు, విద్యుత్ పరికరాలు పనిచేస్తున్నాయో లేదో ముందుగా పరీక్షించాలి.
* ఆ బండికే ప్రత్యేకమైన భాగాలేవో జాబితా రాసుకుని, అవి పగలకుండా, తుప్పు పట్టకుండా ఉన్నదాన్నే ఎంచుకోవాలి. ఇంజిన్ మరమ్మతు కంటే పగిలిన దీపమే ఖరీదు కావచ్చు.
* సర్వీస్ పుస్తకం, విడిభాగాల నంబర్లు చేతిలో ఉంచుకోవాలి. నంబరు తెలిస్తే వెతకడం సులువు.
* బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి కదలకపోయినా రెండేళ్లకోసారి మార్పించాలి.
* నెలల తరబడి షెడ్డులో ఉంచితే రబ్బరు భాగాలు ఎండి పగులుతాయి. అప్పుడప్పుడు నడపడమే మేలు.
* విప్పిన పాత భాగాన్ని తుక్కుకు వేయరాదు. రేపు కొత్తది చేయించాలన్నా నమూనాగా అదే ఆధారం.