బడికి ముందు ఇంట్లో నేర్పవలసిన పాఠం

జూన్ మాసం సమీపించగానే మన ఇళ్ళలో కొత్త సంచి, నీళ్ళ సీసా, యూనిఫారం సిద్ధమవుతాయి. పిల్లలకు అక్షరాలు, అంకెలు, ఒకటి రెండు చిన్న సూరాలు కంఠస్థం చేయిస్తాము. కాని మలమూత్ర విసర్జన, ఆ తర్వాతి శుభ్రత అనే పాఠాన్ని మాత్రం “పెద్దయితే వాళ్ళే నేర్చుకుంటారు” అని వదిలివేస్తాము.

ఆ పాఠం రాని పిల్లలు ఎంత అవస్థపడతారో మక్తబ్‌లో చదువు చెప్పే మాబోటి వారికి తెలుసు. కాళ్ళు ముడుచుకొని, పెదవి బిగబట్టి కూర్చుంటారు. పాఠం చెవికెక్కదు. కొందరు వెళ్ళవలసి వస్తుందన్న భయంతో నీళ్ళు తాగడమే మానేస్తారు. మూత్రాన్ని తరచుగా ఆపుకుంటే మూత్రకోశంలో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశముంది. మలాన్ని ఆపుకుంటే అది గట్టిపడి నొప్పి పుడుతుంది. ఆ నొప్పికి భయపడి మరింతగా ఆపుకుంటారు.

ఈ విషయం మాట్లాడటానికి సిగ్గుపడనవసరం లేదు. “మీ ప్రవక్త మీకు కాలకృత్యాలు కూడా నేర్పుతారా?” అన్న ధోరణిలో ఒకరు ఎత్తిపొడిచినప్పుడు హజ్రత్ సల్మాన్ ఫారసీ (రజి) నిస్సంకోచంగా అవునని చెప్పి, ఆ నియమాలను వివరించారు.

ఎప్పుడు, ఎలా?

సాధారణంగా 18 నెలలకూ 3 సంవత్సరాలకూ మధ్య పిల్లలు దీనికి సిద్ధమవుతారు. రెండు గంటలపాటు బట్టలు తడపకుండా ఉండటం, అవసరాన్ని మాటతోనో సైగతోనో తెలపడం, పాయిజామా తామే దించుకోగలగడం ఇందుకు గుర్తులు. పక్కింటి పిల్లలతో పోల్చి తొందరపెట్టరాదు.

నిద్ర లేవగానే, భోజనం తర్వాత, బయటికి బయలుదేరే ముందు కూర్చోబెట్టండి. ఐదు నిమిషాలు చాలు. కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట వేయండి. బడిలో నేలమట్టపు దొడ్డి ఉండవచ్చు కనుక రెండింటిపై కూర్చోవడమూ అలవాటు చేయాలి. ముడిపడే నాడాలు, బెల్టులు వద్దు; ఎలాస్టిక్ ఉన్న బట్టలే మేలు.

మన ఇళ్ళలో చాలా వరకు ఉర్దూ మాట్లాడతాము. “పిషాబ్” అంటే బడిలో ఆయాకు అర్థం కాకపోవచ్చు. “టీచర్, టాయిలెట్‌కు వెళ్ళాలి” అనే ఒక్క వాక్యాన్ని ధైర్యంగా పలికేలా సాధన చేయించండి.

ఇస్తింజా పద్ధతి

ఎడమ కాలితో లోపలికి, కుడి కాలితో బయటికి. వెళ్ళే ముందు, వచ్చిన తర్వాత దుఆ. కుడిచేత్తో మగ్గు పట్టి నీళ్ళు పోసుకుంటూ ఎడమచేత్తో శుభ్రం చేసుకోవాలి. ఆడపిల్లలకు ముందు నుండి వెనుకకు కడుక్కోవడం నేర్పాలి. లేదంటే మలంలోని క్రిములు మూత్రద్వారానికి చేరుతాయి. చివరన రెండు చేతులూ సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్ది కడగాలి. తల్లి ఆడపిల్లలకు, తండ్రి మగపిల్లలకు ఓపికగా చూపించాలి. ఇదంతా తల్లి బాధ్యతేనని తండ్రులు తప్పుకోకూడదు.

మూత్ర తుంపరల విషయంలో అశ్రద్ధ చేసేవారికి సమాధి శిక్ష ఉందన్న హెచ్చరికతో పసివారిని భయపెట్టకండి. యుక్తవయస్సు రాని పిల్లలపై ధర్మ బాధ్యత లేదు. ఆ హెచ్చరిక పెద్దలమైన మన కోసం.

తడిపినప్పుడు

ఒక పల్లెవాసి మస్జిదె నబవీలో మూత్రం పోస్తుండగా సహచరులు అతనిపైకి ఉరికారు. దైవప్రవక్త (స) వారిని వారించి, అతను ముగించే వరకు ఆగమన్నారు. ఆపై ఆ చోట బొక్కెనతో నీళ్ళు పోయించి, అతనికి మృదువుగా బోధించారు. మస్జిదులో ఒక పెద్దమనిషి పట్ల చూపిన ఆ సహనాన్ని మన గదిలో, మన బిడ్డ పట్ల చూపలేమా? తిట్టకుండా బట్టలు మార్చండి. నేల తుడవడంలో వారి చేత కాస్త సాయం చేయించండి. రాత్రి పక్క తడపడం ఐదేళ్ళు దాటాక కూడా కొందరిలో ఉంటుంది. దానికి శిక్ష తగదు. బాగా అలవాటు పడినవారు హఠాత్తుగా మళ్ళీ తడుపుతున్నా, మంట అంటున్నా వైద్యునికి చూపించాలి.

హయా, రక్షణ

తలుపు మూసుకోవడం, నలుగురిలో బట్టలు విప్పకపోవడం ఇప్పటి నుండే అలవడాలి. గొళ్ళెం మాత్రం తామే తీయగలిగే వరకు వేసుకోనివ్వకండి. శుభ్రం చేయడానికి అమ్మానాన్నలు లేదా వారు అప్పగించిన పెద్దలు, చికిత్సకు అమ్మానాన్నల ఎదుట వైద్యుడు తప్ప ఆ అవయవాలను ఎవరూ తాకరాదని చెప్పండి. ఎవరైనా తాకి “ఇంట్లో చెప్పకు” అంటే వెంటనే చెప్పాలని, అందుకు కోప్పడబోమని భరోసా ఇవ్వండి.

బడిలో చేర్చేటప్పుడు ఫీజుతోపాటు మరుగుదొడ్డిలో నీళ్ళున్నాయా, మగ్గు ఉందా, తోడు వెళ్ళే ఆయా ఉన్నారా అని కూడా విచారించండి. సంచిలో ఒక జత బట్టలు అదనంగా ఉంచండి. వాటి అవసరం పడిన రోజున, సాయంత్రం ఆ విషయమై ఇంట్లో ఎవరూ నవ్వకుండా చూసుకోండి.

అల్లాహ్ మన సంతానానికి శారీరక, ఆత్మిక పరిశుద్ధతను ప్రసాదించుగాక! ఆమీన్.